వెలుగు కనిపించగానే నమ్మకండి

మెదడు మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో కొత్తగా చేరిన విద్యార్థికి తొందరగానే అప్పగించే పని ఒకటుంది. మెదడు సెక్షన్లు కోసి, యాంటీబాడీ పెట్టి, న్యూరాన్లు ఎక్కడెక్కడున్నాయో చూపించమంటారు. చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది. ప్రోటోకాల్ కాగితం సీనియర్ దగ్గర ఉంటుంది, యాంటీబాడీ ఫ్రీజర్‌లో ఉంటుంది. రెండు మూడు రోజులు ఓపిగ్గా చేస్తే మైక్రోస్కోపు కింద కణాలు ఆకుపచ్చగానో ఎర్రగానో మెరుస్తాయి. చూసినవాళ్ళంతా బాగుందంటారు. ఆ బొమ్మ ల్యాబ్ మీటింగుకీ, అక్కణ్ణుంచి థీసిస్‌లోకీ, పేపర్లోకీ వెళ్ళిపోతుంది.

మెరుపు కనిపించడం ఒకటి, 'ఇది న్యూరాన్' అని నలుగురి ముందూ చెప్పడం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య చేయాల్సిన పని ఎంతో ఉంది. దాన్ని అలవాటుగా మార్చుకున్న విద్యార్థి చేతి పనితనంతో పాటు మంచి పరిశోధకుడికి ఉండాల్సిన నిజాయతీని, ఓర్పును కూడా అలవరచుకుంటాడని నా గట్టి నమ్మకం. ఈ అధ్యాయం ఆ పని గురించే.

యాంటీబాడీ దేన్ని గుర్తుపడుతుంది?

యాంటీబాడీ ఒక ప్రోటీన్‌ను మొత్తంగా గుర్తుపట్టదు. ఆ ప్రోటీన్ మీద ఉన్న ఒక చిన్న భాగాన్ని, కొద్దిపాటి అమైనో ఆమ్లాలు కలిసిన ఆకారాన్ని మాత్రమే పట్టుకుంటుంది. ఆ భాగాన్ని ఎపిటోప్ అంటారు. అలాంటి ఆకారమే మరో ప్రోటీన్ మీద ఉంటే దాన్నీ పట్టుకుంటుంది. పెళ్ళిపందిట్లో నిలబడి 'శ్రీనూ' అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. మనకు కావలసిన శ్రీను ఆ నలుగురిలో ఉండొచ్చు, అసలు ఆ పెళ్ళికే రాకపోయి ఉండొచ్చు. ఎవరో తిరిగి చూసినంత మాత్రాన మనవాడు దొరికాడని అనుకోకూడదు.

యాంటీబాడీకి రంగు తగిలించి కణజాలంలో ప్రోటీన్ జాడ చూడొచ్చని 1940ల మొదట్లో ఆల్బర్ట్ కూన్స్ చూపించారు. 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ హైబ్రిడోమా పద్ధతిని కనిపెట్టారు. ఒకే ఎపిటోప్‌ను పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలను కావలసినంత తయారుచేసుకునే దారి అప్పుడు దొరికింది. నీల్స్ యెర్నెతో కలిపి వారిద్దరికీ 1984లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ చరిత్ర మీ రోజువారీ పనికి పనికొస్తుంది. ఫ్రీజర్‌లో ఉన్న మీ యాంటీబాడీ మూడు రకాల్లో ఏదో ఒకటై ఉంటుంది. పాలీక్లోనల్ అయితే ఒక జంతువు రక్తం నుంచి తీసిన ఎన్నో యాంటీబాడీల మిశ్రమం; ఆ జంతువు పోతే సరిగ్గా అలాంటిదే మళ్ళీ రాదు. మోనోక్లోనల్ ఒకే కణవంశం నుంచి వస్తుంది. రీకాంబినెంట్ అయితే దాని జన్యు క్రమం తెలుసు కాబట్టి, ఎన్నేళ్ళ తర్వాతైనా అదే యాంటీబాడీని తయారు చేయొచ్చు. కొనే అవకాశం మీ చేతిలో ఉంటే ముందు రీకాంబినెంట్ కోసం వెతకండి.

ముందు ప్రశ్న, తర్వాతే యాంటీబాడీ

'న్యూరాన్ మార్కర్ ఏదైనా ఉందా?' అని సీనియర్‌ను అడిగే ముందు మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టండి. మీరు న్యూరాన్లను లెక్కపెట్టాలా? వాటి కొమ్మల పొడవు కొలవాలా? సినాప్స్‌లు చూడాలా? అప్పుడే పుడుతున్న న్యూరాన్లు కావాలా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో ప్రోటీన్ గుర్తుగా, అంటే మార్కర్‌గా, సరిపోతుంది.

కణాలను లెక్కపెట్టడానికి ఎక్కువమంది వాడేది న్యూ-ఎన్. ఇది ముఖ్యంగా కేంద్రకంలో కనిపిస్తుంది కాబట్టి లెక్క సులువు. డెండ్రైట్ల కొమ్మలు చూడాలంటే మ్యాప్-2. ఇది కణదేహంలోనూ డెండ్రైట్లలోనూ ఉంటుంది, పరిపక్వ న్యూరాన్ యాక్సాన్‌లో కనిపించదు. యాక్సాన్లకు న్యూరోఫిలమెంట్లు మంచి గుర్తు. సినాప్స్‌కు సంకేతాన్ని పంపే వైపు సినాప్టోఫిజిన్, అందుకునే వైపు పీఎస్‌డీ-95. లేత న్యూరాన్లకు డబుల్‌కార్టిన్, బీటా-3 ట్యూబ్యులిన్. డోపమిన్ న్యూరాన్లకు టైరోసిన్ హైడ్రాక్సిలేజ్, చిన్నమెదడులోని పుర్కింజీ కణాలకు కాల్బిండిన్.

న్యూరాన్లు కాని కణాలను కూడా అదే సెక్షన్‌లో గుర్తుపట్టడం మంచిది. ఆస్ట్రోసైట్లకు జీఎఫ్ఏపీ, మైక్రోగ్లియాకు ఐబా-1 ఉన్నాయి. మీ న్యూరాన్ మార్కర్, జీఎఫ్ఏపీ రెండూ ఒకే కణంలో వెలుగుతున్నాయంటే, ఏదో తేడా ఉందని మీకు అక్కడే తెలిసిపోతుంది.

ఒక్క మార్కర్ మీదే ఆధారపడకండి. ఏ మార్కరూ అన్నిచోట్లా, అన్ని వేళలా నమ్మదగ్గది కాదు. బీటా-3 ట్యూబ్యులిన్ కొన్ని క్యాన్సర్ కణాల్లోనూ కనిపిస్తుంది. జీఎఫ్ఏపీ పెద్దయిన మెదడులోని నాడీ మూలకణాల్లోనూ ఉంటుంది. అందుకే ఒకే మాటను కనీసం రెండు వేర్వేరు ప్రోటీన్లతో చెప్పించడం అలవాటు చేసుకోండి.

కనిపించకపోతే లేనట్టేనా?

న్యూ-ఎన్ కథ ప్రతి విద్యార్థికీ తెలియాలి. 1992లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మల్లెన్, బక్, స్మిత్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఏ60 అనే మోనోక్లోనల్ యాంటీబాడీని ప్రకటించారు. అది వెన్నెముక ఉన్న జీవుల మెదడులో దాదాపు అన్ని న్యూరాన్ల కేంద్రకాలనూ గుర్తించింది. ప్రపంచమంతా దాన్ని వాడింది. అయితే అది పట్టుకుంటున్న ప్రోటీన్ ఏ జన్యువు నుంచి వస్తోందో 2009 దాకా తెలియలేదు. అది ఫాక్స్-3 అని, ఆర్ఎన్ఏ ముక్కలను కత్తిరించి అతికించే పనిలో పాలుపంచుకునే ప్రోటీన్ అని ఆ ఏడాది తేలింది.

'దాదాపు అన్ని' అన్న మాటను జాగ్రత్తగా చదవండి. పుర్కింజీ కణాలు, వాసనను గ్రహించే ఆల్ఫాక్టరీ బల్బులోని మైట్రల్ కణాలు, కంటిలోని ఫోటోరిసెప్టర్లు న్యూ-ఎన్‌తో వెలగవు. చిన్నమెదడు సెక్షన్ చూసి 'పుర్కింజీ కణాలు చనిపోయాయి' అని రాసే విద్యార్థి తన మార్కర్ గురించి చదవలేదన్నమాట.

ఇంతకంటే లోతైన హెచ్చరిక 2004లో వచ్చింది. మెదడుకు రక్తం ఆగిపోయినప్పుడు న్యూ-ఎన్ వెలుగు తగ్గడాన్ని బట్టి న్యూరాన్లు చచ్చిపోయాయని అనుకోకూడదని, దెబ్బతిన్న కణాలు బతికే ఉండి యాంటీబాడీకి మాత్రం దొరక్కుండా పోవచ్చని ఒక అధ్యయనం చూపించింది. స్ట్రోక్‌లోనో, పార్కిన్సన్స్ వ్యాధిలోనో న్యూరాన్ల నష్టాన్ని కొలుస్తున్నప్పుడు మార్కర్ తగ్గడమూ కణం పోవడమూ ఒకటే అనుకుంటే, రోగుల విషయంలోనే తప్పుడు నిర్ణయాలకు దారి తీయొచ్చు. అందుకే కణాల మొత్తం సంఖ్యను నిస్సల్ రంగుతోనో, డీఎన్ఏను చూపించే డాపీతోనో విడిగా సరిచూసుకోవాలి.

2018లో మరో పెద్ద చర్చ మొదలైంది. పెద్దయిన మనిషి మెదడులోని హిప్పోకాంపస్‌లో కొత్త న్యూరాన్లు పుడతాయా? ఆ ఏడాది మార్చిలో సోరెల్స్ బృందం చిన్నతనం తర్వాత కొత్త న్యూరాన్లు తమకు కనబడలేదని ప్రకటించింది. నెల తిరక్కుండానే బోల్డ్రిని బృందం వృద్ధుల్లోనూ అవి ఉన్నాయని చెప్పింది. రెండు బృందాలూ డబుల్‌కార్టిన్ లాంటి మార్కర్లనే నమ్ముకున్నాయి. 2019లో మాడ్రిడ్‌కు చెందిన లొరెన్స్-మార్టిన్ బృందం చూపించిన విషయం విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మెదడు కణజాలం, దాన్ని చెడిపోకుండా నిలిపే ఫిక్సేటివ్‌లో ఎక్కువసేపు ఉంటే డబుల్‌కార్టిన్ వెలుగు తగ్గిపోతుంది. మరణం తర్వాత మెదడును ఎంతసేపటికి తీశారు, ఎన్ని గంటలు ఫిక్స్ చేశారు అన్నవి కూడా జవాబులో భాగమేనని ఈ చర్చ నేర్పింది. చర్చ ఇంకా ముగియలేదు. అందులో మీ గొంతు కూడా వినిపించే రోజు రావచ్చు. అందుకు ఇప్పటి నుంచే ఫిక్సేషన్ సమయాన్ని నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి.

యాంటీబాడీకి పరీక్ష పెట్టండి

YCharOS అనే అంతర్జాతీయ బృందం 2023లో ఒక పెద్ద పరిశీలన ప్రచురించింది. నాడీశాస్త్రానికి సంబంధించిన 65 ప్రోటీన్ల కోసం మార్కెట్లో అమ్మే 614 యాంటీబాడీలను పరీక్షించారు. ఒక్కో ప్రోటీన్‌కూ అది ఉన్న కణాలనూ, దాని జన్యువును తీసేసిన నాకౌట్ కణాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. సగానికి పైగా యాంటీబాడీలు కనీసం ఒక పరీక్షలో తప్పాయి. వాటిలో చాలావాటిని అప్పటికే ఎన్నో పేపర్లలో వాడేశారు. అయితే ఇందులో ధైర్యాన్నిచ్చే సంగతి కూడా ఉంది. ఎక్కువ ప్రోటీన్లకు కనీసం ఒక మంచి యాంటీబాడీ దొరికింది, రీకాంబినెంట్లు మిగతా వాటికంటే బాగా పనిచేశాయి. మంచి యాంటీబాడీ ఉంది, వెతికి పట్టుకోవాల్సింది మనమే.

మీ ల్యాబ్‌లో చేయదగ్గ పరీక్షలను బలం తగ్గే వరసలో చెబుతాను.

అన్నింటికంటే బలమైనది నాకౌట్ పరీక్ష. ఆ ప్రోటీన్ జన్యువు లేని జంతువు కణజాలంలోనో, కణాల్లోనో వెలుగు పూర్తిగా ఆరిపోవాలి. ఆరకపోతే మీరు చూస్తున్నది ఇంకేదో. నాకౌట్ దొరక్కపోతే ఆర్ఎన్ఏ జోక్యంతో ప్రోటీన్‌ను తగ్గించి, వెలుగు ఆ మేరకు తగ్గిందేమో చూడండి.

రెండోది, అదే ప్రోటీన్ మీద వేరే ఎపిటోప్‌ను పట్టుకునే మరో యాంటీబాడీతో చూడటం. రెండూ ఒకే చోట వెలగాలి.

మూడోది, ముందే తెలిసిన చోట్ల చూడటం. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ యాంటీబాడీ మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రాలో గట్టిగా వెలగాలి. కాలేయంలో న్యూ-ఎన్ వెలిగితే మీ యాంటీబాడీనో, మీ పద్ధతినో అనుమానించాలి.

నాలుగోది, ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి చూసే వెస్టర్న్ బ్లాట్. న్యూ-ఎన్‌కు 46-48 కిలోడాల్టన్ల దగ్గర, సినాప్టోఫిజిన్‌కు 38 దగ్గర, మ్యాప్-2 పెద్ద రూపాలకు 280 దగ్గర బ్యాండ్ రావాలి. మ్యాప్-2 అంత పెద్ద ప్రోటీన్‌కు తక్కువ శాతం జెల్ తీసుకోండి, లేకపోతే అది పైనే ఆగిపోతుంది. బ్లాట్‌లో బాగా పనిచేసిన యాంటీబాడీ సెక్షన్‌లో పనిచేస్తుందన్న హామీ లేదు. బ్లాట్‌లో ప్రోటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది, సెక్షన్‌లో ఫార్మాల్డిహైడ్‌తో బిగుసుకుని ఉంటుంది. ఏ పద్ధతిలో వాడబోతున్నారో ఆ పద్ధతిలోనే పరీక్షించాలి.

ప్రోటీన్‌ను పట్టుకునే ప్రైమరీ యాంటీబాడీ లేకుండా, ఆ ప్రైమరీకి అంటుకుని రంగు చూపించే సెకండరీ యాంటీబాడీ మాత్రమే పెట్టిన సెక్షన్ ప్రతిసారీ ఉండి తీరాలి. ఇలా సరిచూసుకోవడానికి పెట్టేవాటినే కంట్రోల్ అంటారు. ఆ సెక్షన్ చీకటిగా ఉంటే సెకండరీ తనంతట తాను అంటుకోలేదని తెలుస్తుంది, అంతే. ప్రైమరీ సరైనదేనని దాంతో రుజువు కాదు. యాంటీబాడీని తయారుచేయడానికి వాడిన పెప్టైడ్‌తో ముందే కలిపి వెలుగును ఆపే పరీక్ష కూడా అలాంటిదే. ఆ పెప్టైడ్‌ను యాంటీబాడీ పట్టుకుంటుందని అది చెబుతుంది. కణజాలంలో ఇంకేదీ పట్టుకోదని చెప్పదు.

బల్ల దగ్గర

చుంచెలుక మెదడును సాధారణంగా 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి, 30 శాతం చక్కెర ద్రావణంలో ముంచి, 30-40 మైక్రాన్ల మందంతో సెక్షన్లు కోస్తారు. చక్కెర ద్రావణంలో మెదడు అడుక్కి మునిగేదాకా ఆగండి. తొందరపడితే మంచు స్ఫటికాలు ఏర్పడి కణజాలానికి చిల్లులు పడతాయి.

లోపలి ప్రోటీన్లను చేరుకోవాలంటే కణపొరల్లో దారి చేయాలి. అందుకే 0.1-0.3 శాతం ట్రైటాన్ కలుపుతారు. యాంటీబాడీ అక్కర్లేని చోట్ల అంటుకోకుండా చేసే బ్లాకింగ్‌కు 5-10 శాతం సీరం వాడతారు. ఆ సీరం సెకండరీ ఏ జంతువులో తయారైందో ఆ జంతువుదే కావాలి. గాడిదలో తయారైన సెకండరీకి గాడిద సీరం, మేకలో తయారైన దానికి మేక సీరం. చుంచెలుకలో తయారైన ప్రైమరీని చుంచెలుక మెదడు మీద వాడితే సెకండరీ ఆ జంతువు సొంత యాంటీబాడీలను కూడా పట్టుకుంటుంది. వీలైనంత వరకు కుందేలులోనో, కోడిలోనో తయారైన ప్రైమరీని ఎంచుకోండి.

కంపెనీ కాగితం మీద రాసిన డైల్యూషన్‌ను కళ్ళు మూసుకుని తీసుకోకండి. 1:250, 1:500, 1:1000, 1:2000 అని వరసగా పెట్టి చూడండి. వెలుగు ఎక్కువగా వచ్చిన డైల్యూషన్ సరైనదని కాదు. వెలగాల్సిన చోటుకూ వెలగకూడని చోటుకూ తేడా ఎక్కడ స్పష్టంగా ఉందో అదే సరైనది. ప్రైమరీని 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడం మంచి ఆరంభం.

అస్సలు వెలగకపోతే యాంటీబాడీని తిట్టే ముందు ఎపిటోప్ ఫిక్సేషన్ కింద దాక్కుందేమో చూడండి. పీహెచ్ 6 సిట్రేట్ బఫర్‌లో వేడి చేసే యాంటిజెన్ రిట్రీవల్ చాలాసార్లు దారి చూపిస్తుంది. పీఎస్‌డీ-95 లాంటి సినాప్స్ ప్రోటీన్లకు గట్టి ఫిక్సేషన్ పడదు. ముసలి మెదడులోనూ మనిషి మెదడులోనూ లిపోఫ్యూసిన్ అనే పదార్థం తనంతట తానే మెరుస్తుంది. యాంటీబాడీ ఏదీ పెట్టని సెక్షన్ ఒకటి పక్కన ఉంటే ఆ మెరుపు వెంటనే తెలిసిపోతుంది. సూడాన్ బ్లాక్‌తో దాన్ని తగ్గించొచ్చు.

యాంటీబాడీ రాగానే కంపెనీ సూచన చదివి, చిన్న చిన్న వంతులుగా ట్యూబుల్లో పోసి, పేరు, లాట్ నంబరు, తేదీ రాసి దాచండి. ఒకే ట్యూబును పదే పదే గడ్డకట్టించి కరిగించడం వల్ల యాంటీబాడీ పాడవుతుంది. మంచు తనంతట తానే కరిగించుకునే ఫ్రీజర్ దీనికి పనికిరాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఫ్రీజర్ ఉష్ణోగ్రత ఎంతకు వెళ్ళిందో రాసిపెట్టే బాధ్యత ల్యాబ్‌లో ఒకరికి అప్పగించుకోండి.

చూసేటప్పుడు, లెక్కపెట్టేటప్పుడు

పోల్చాల్సిన స్లైడ్లన్నింటినీ ఒకే రోజు, ఒకే ఎక్స్‌పోజర్‌తో ఫోటో తీయండి. వెలుగు అంచు దాటి తెల్లబారిపోయిన బొమ్మలో కొలవడానికి ఏమీ మిగలదు. ఏ స్లైడు ఏ గ్రూపుదో తెలియకుండా పేర్లు మార్చి ఇవ్వమని స్నేహితుణ్ణి అడిగి, అప్పుడు లెక్కపెట్టండి. మనకు కావలసిన ఫలితం వైపు మన కళ్ళు మనకు తెలియకుండానే ఒరుగుతాయి. అందుకే గుడ్డి లెక్క అవసరం.

అందమైన ఒక్క బొమ్మను ఎంచుకుని మిగతావి పక్కన పడేయకండి. నోట్‌బుక్‌లో యాంటీబాడీ పేరు, క్లోన్, క్యాటలాగ్ నంబరు, లాట్ నంబరు, ఆ యాంటీబాడీకి రిజిస్ట్రీలో ఇచ్చిన గుర్తింపు సంఖ్య, డైల్యూషన్, ఫిక్సేషన్ గంటలు, కంట్రోల్ ఫలితం అన్నీ ఉండాలి. కొత్త లాట్ వచ్చినప్పుడు పాత లాట్‌తో పక్కపక్కన పెట్టి చూశాకే ప్రయోగం కొనసాగించండి.

గైడుకు చెప్పాల్సి వచ్చినప్పుడు

అన్నిటికంటే కష్టమైన పని ఇక్కడ ఉంది. కంట్రోల్ తప్పిందనుకోండి. గైడు ఆ యాంటీబాడీతో ముందే పేపర్ వేసి ఉండొచ్చు. సీనియర్ థీసిస్ దాని మీదే నడిచి ఉండొచ్చు. 'ఎందుకొచ్చిన గొడవ' అని మనసు వెనక్కి లాగుతుంది.

అప్పుడు మాటలతో వెళ్ళకండి, స్లైడ్లతో వెళ్ళండి. "సార్, ఈ యాంటీబాడీ పనిచేయడం లేదు" అనడం కంటే "సార్, నాకౌట్ సెక్షన్‌లో కూడా వెలుగు వస్తోంది, మూడుసార్లూ ఇలాగే వచ్చింది, ఒక్కసారి మీరు చూస్తారా?" అని అడగడం మంచిది. దాంతోపాటు తర్వాత ఏం చేద్దామో మీరే చెప్పండి: ఫలానా రీకాంబినెంట్ తెప్పించుకుందాం, ఫలానా వారి దగ్గర నాకౌట్ కణాలు ఉన్నాయట, అడుగుదాం. సమస్యతో పాటు దారిని కూడా తీసుకెళ్ళిన విద్యార్థి మాటను కొట్టిపారేయడం ఎవరికైనా కష్టం. గైడు కాస్త చిరాకుపడినా ఆ సాయంత్రం స్లైడ్లు తప్పక చూస్తారు.

మీకు బలం ఇవ్వాల్సిన విషయం ఇంకొకటుంది. మీరు కోసే ప్రతి చుంచెలుక మెదడు సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతితో, ఒక ప్రాణం ఖర్చుతో మీ చేతికి వచ్చింది. మనిషి మెదడు సెక్షన్ అయితే, దుఃఖంలో ఉన్న ఒక కుటుంబం నమ్మకంతో ఇచ్చిన దానం. బెంగళూరు నిమ్హాన్స్ బ్రెయిన్ బ్యాంకు లాంటి చోట్ల అలాంటి దానాలను భద్రపరుస్తారు. తప్పుడు యాంటీబాడీతో చేసిన ప్రయోగంలో ఆ ప్రాణమూ ఆ దానమూ వృథా అవుతాయి. కంట్రోల్ పెట్టడం ఆ రెండింటికీ మనం ఇచ్చే గౌరవం. ఆ గౌరవం ఉన్నవాళ్ళకు ఇబ్బందికరమైన నిజం చెప్పే ధైర్యం దానంతటదే వస్తుంది.

ఈ వారం చేయండి

1. మీరు వాడుతున్న యాంటీబాడీల్లో ఒకదాన్ని తీసుకుని, దాని రకం, తయారైన జంతువు, క్లోన్, లాట్ నంబరు, దేనితో తయారుచేశారో ఒక కాగితం మీద రాయండి. రాయలేకపోయిన అంశం పక్కన గుర్తు పెట్టి, కంపెనీని అడగండి.

2. ఆ మార్కర్ ఏ న్యూరాన్లలో కనిపించదో, న్యూరాన్లు కాని ఏ కణాల్లో కనిపిస్తుందో చదివి రెండు వాక్యాలు రాయండి.

3. తర్వాతి ప్రయోగంలో నాలుగు సెక్షన్లు అదనంగా పెట్టండి: ఏ యాంటీబాడీ లేనిది, సెకండరీ ఒక్కటే ఉన్నది, తప్పక వెలగాలని తెలిసిన చోటిది, వెలగకూడదని తెలిసిన చోటిది.

4. నాకౌట్ కణాలో కణజాలమో ఏ ల్యాబ్‌లో ఉందో వెతికి, గైడు అనుమతితో ఒక మర్యాదపూర్వకమైన ఉత్తరం రాయండి. పరిశోధకులు సాధారణంగా ఇలాంటి సాయం చేయడానికి ఇష్టపడతారు.

5. ఫలితం ఏదైనా, తప్పిన కంట్రోల్‌తో సహా, వచ్చే ల్యాబ్ మీటింగులో చూపించండి. తప్పిన కంట్రోల్‌ను చూపించే అలవాటు ల్యాబ్‌లో ఒక్కరు మొదలుపెడితే చాలు, మిగతావాళ్ళకూ నోరు తెరిచే ధైర్యం వస్తుంది. ఆ ఒక్కరు మీరే కండి.